లింకు వచ్చినచోట ఫోన్ పెట్టెయ్

తనూజ రాసిన హెల్ప్ ఫైలు మూడోసారి వెనక్కి వచ్చింది. మొదటి రెండుసార్లలాగే ఈసారీ అందులో ఒక్క దిద్దుబాటు లేదు. ప్రింటు తీసిన కాగితాల్లో మొదటి పేజీ మీద పెన్సిలుతో రాసిన మూడు మాటలే ఉన్నాయి. "చదివాను. ఇంకా అవలేదు."

ఏం అవలేదో రాయలేదు.

ఆ బుధవారం సాయంత్రం అయిదింటిలోపు ఆ ఫైలు మీద, దాన్ని సరిచూసే సువార్తమ్మ సంతకం పడాలి. పడితే తనూజ ఉద్యోగం ఖాయమవుతుంది. పడకపోతే ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పెరుగుతుంది. ఇప్పటికే ఒకసారి పెంచారు. ఆ కంపెనీలో రెండోసారి పెంచారంటే, మర్యాదగా వేరేచోట వెతుక్కోమన్నట్టే.

కంపెనీ విశాఖపట్నంలో ఒక మేడ మీద మూడో అంతస్తులో ఉంది. పల్లెల్లో టీకాలు వేసే నర్సులు పిల్లల వివరాలు ఎక్కించుకోవడానికి ఒక యాప్ తయారుచేసింది. తెర మీద ఓ మూల ప్రశ్న గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే, ఏ పని ఎలా చెయ్యాలో చెప్పే పేజీలు తెరుచుకుంటాయి. ఆ పేజీలన్నీ కలిపితే హెల్ప్ ఫైలు.

యాప్ రాసినవాళ్ళు ఇరవై ముగ్గురు. ఒక్కరు తప్ప అందరూ మగవాళ్ళు. దాన్ని ఎలా వాడాలో రాసేవాళ్ళు ఇద్దరు. సువార్తమ్మ, తనూజ; ఇద్దరూ ఆడవాళ్ళు. ఇది ఎవరూ కావాలని చేసింది కాదు. ఇళ్ళల్లో జరిగేదే ఇక్కడా జరిగింది. వస్తువు తెచ్చి గొప్పగా బల్ల మీద పెట్టేది ఒకరైతే, అది ఎలా పనిచేస్తుందో ఇంటిల్లిపాదికీ విసుక్కోకుండా చెప్పేది ఇంకొకరు.

గురువుల కథల్లో ఆడది సాధారణంగా నీళ్ళకుండతో వచ్చి, గురువు మాట విని, కళ్ళొత్తుకుని వెళ్ళిపోతుంది. ఇక్కడ గురువే ఆడది. సువార్తమ్మకి ఆ ఆఫీసులో ఒక కుర్చీ కూడా ఉంది. కాకపోతే దానికి ఒక చక్రం ఊడిపోయింది. కొత్త కుర్చీలు వచ్చినప్పుడల్లా అవి యాప్ రాసేవాళ్ళ దాకా వెళ్ళి అయిపోతుంటాయి.

ఆమెకి యాభై ఎనిమిదేళ్ళు. కంప్యూటర్ చదువు చదవలేదు. నర్సుల ట్రైనింగ్ స్కూల్లో పదిహేనేళ్ళు టైపిస్టుగా చేసింది. పాఠాలన్నీ స్టెన్సిల్ మీద కొట్టేది. స్టెన్సిల్ మీద గట్టిగా కొడితే కాగితం చిరుగుతుంది. ఒక మాట కింద గీత పెట్టాలంటే, ఆ మాటకి అంత అర్హత ఉందా అని ముందు ఆలోచించుకోవాలి. అప్పుడు ఆ పాఠాలు చదివిన అమ్మాయిలు ఇప్పుడు మూడు జిల్లాల్లో పల్లె నర్సులు, ఏఎన్ఎమ్‌లు. ఏదైనా అర్థం కాకపోతే డాక్టరు కన్నా ముందు ఆమెకి ఫోన్ చేస్తారు. కంపెనీ ఆమెని తెచ్చుకున్నది ఆ ఫోన్ల కోసమే. హోదా మాత్రం సీనియర్ అసిస్టెంట్ దగ్గర ఆపేసింది.

కుర్రాళ్ళు ఆమెని 'గురూజీ' అని వెటకారంగా పిలిచేవాళ్ళు. తనూజ అలా ఎప్పుడూ పిలవలేదు. కానీ ఆమె మాట అంటే తనూజకి వెటకారం లేని గురి ఉండేది.

అందుకే ఆ మూడు మాటలు అంత నొప్పి పెట్టాయి.

ఆ ఫైలంటే తనూజకి ప్రాణం. రోజూ అనకాపల్లి నుంచి రైల్లో వచ్చిపోతూ ఏడు నెలలు రాసింది. నూట ఎనభై పేజీలు. ఏ పేజీ కూడా తెర దాటదు. ముఖ్యమైన మాటలన్నీ బోల్డ్‌లో ఉన్నాయి. జాగ్రత్తలన్నీ ఎర్ర గడుల్లో ఉన్నాయి. అన్నిటికన్నా ఆమెకి గర్వంగా ఉన్నది ఇంకొకటి. ఒకసారి చెప్పిన విషయం ఆ ఫైల్లో రెండోసారి ఎక్కడా కనపడదు. మళ్ళీ అవసరమైనచోట ఒక నీలం లింకు ఉంటుంది, అంతే. నొక్కితే అసలు పేజీకి తీసుకెళ్తుంది. అలాంటివి పదకొండు వందల నలభై లింకులు. ఒక్కటి కూడా తెగలేదు. అన్నీ నొక్కి చూసుకుంది.

మధ్యాహ్నం ఒకటిన్నరకి ఫైలు పట్టుకుని సువార్తమ్మ బల్ల దగ్గరికి వెళ్ళింది.

"మేడం, తప్పెక్కడో చెప్పండి. దిద్దేస్తాను."

సువార్తమ్మ ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు ఒలుచుకుంటోంది. డబ్బా ముందుకి జరిపింది. "తిను."

"తినలేను మేడం. అయిదింటికి గడువు."

"తప్పు లేదు తనూజా. ఒక్క అక్షరం తప్పు లేదు. నేను వెతికాను. ఒకటైనా దొరికితే బాగుణ్ణనుకున్నాను, చెప్పడానికి తేలిగ్గా ఉండేది."

"మరి సంతకం?"

"చదివాను. ఇంకా వినలేదు."

తనూజకి చిరాకు వచ్చింది. ఏడు నెలలు పనిచేసిన మనిషికి వచ్చేంత చిరాకు. "హెల్ప్ ఫైలు వినడమేంటి మేడం? అదేమన్నా హరికథా?"

సువార్తమ్మ నవ్వింది. అంతలో బల్ల మీద ఫోన్ మోగింది.

అప్పటికి ఆ యాప్ ఉన్న ట్యాబ్‌లు పన్నెండు పల్లె ఆరోగ్య సబ్ సెంటర్లకి ఇచ్చి చూస్తున్నారు. ఎక్కడ ఏ ఇబ్బంది వచ్చినా ఈ ఫోన్‌కే చేస్తారు. బుధవారం టీకాల రోజు. బుధవారాలు ఈ ఫోన్ చల్లారదు.

సువార్తమ్మ ఎత్తి రెండు మాటలు విని, రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"సాలూరు అవతల నుంచి నూకరత్నం. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఏదో నమోదు తప్పు పడిందట. నువ్వు చెప్పు."

తనూజ సంబరంగా చెయ్యి చాచింది.

"ఆగు. నీ మాటలు కాదు. నీ పేజీ చదవాలి. ఉన్నది ఉన్నట్టు. సొంతమాట ఒక్కటి కలపకూడదు."

"అలాగే మేడం," అంది తనూజ. దాని గురించి భయపడాల్సిన అవసరం ఆమెకేం కనపడలేదు. "బోల్డ్ ఉన్నచోట ఎలా చదవను?"

"గట్టిగా చదువు. గట్టిగా చెప్పాలనే కదా బోల్డ్ పెట్టావు."

"ఎర్ర గడి?"

"బల్ల మీద ఒకటి కొట్టి చదువు."

"లింకు వస్తే?"

సువార్తమ్మ ఇంకో కాయ ఒలిచింది. "లింకు వస్తే ఫోన్ పెట్టెయ్. ఆవిడ మళ్ళీ చేస్తుంది. అప్పుడు ఆ రెండో పేజీ చదువు."

తనూజ నవ్వింది. సువార్తమ్మ నవ్వలేదు.

"కనపడిన లింకునల్లా ఎవరూ నొక్కరు కదా మేడం?"

"ఏది నొక్కాలో ఏది నొక్కక్కర్లేదో ఆవిడకి ఎక్కడ చెప్పావు?"

సువార్తమ్మ రిసీవరు మీద చెయ్యి తీసింది. "రత్నం, ఇవాళ మా పిల్ల చెప్తుంది. కొంచెం ఓపిక పట్టు. కోపం వస్తే తిట్టు, మొహమాటపడకు."

"నాకు మొహమాటమేటక్కా!" అన్న మాట బయటికే వినిపించింది.

తనూజ రిసీవరు అందుకుంది. "నమస్తే సిస్టర్—"

సువార్తమ్మ వేలు ఎత్తింది. అది సొంతమాట. తనూజ నాలిక్కరుచుకుంది.

"అమ్మా, నా ఇబ్బంది విను," అంది అవతల నూకరత్నం. "మా చివరి వలస పల్లెలో ఇద్దరు కోరాడ పైడితల్లులున్నారు. పై వీధిలో ఒకామె, కింద వీధిలో ఒకామె. ఇద్దరివీ చంటిబిడ్డలే. ఇంకా పేర్లు పెట్టలేదు. పొద్దున్న పై వీధి ఆమె బిడ్డకి టీకా వేశాను. వేసి ఈ ట్యాబు పలకలో కింద వీధి ఆమె మీద నొక్కేశాను. ఇప్పుడు కింద వీధి ఆమె బిడ్డనెత్తుకుని వచ్చి కూకుంది. పలకేమో ఈ బిడ్డకి అయిపోయిందంటోంది! ఆ తప్పు తీసేదెలాగ? బేగి చెప్పు, మూడింటికి దాని ఆటో ఎల్లిపోద్ది."

ఆ చుట్టుపక్కల ఏ వీధిలో పిలిచినా ఇద్దరు ముగ్గురు పైడితల్లులు పలుకుతారు. తల్లి పేరే బిడ్డకి గుర్తు, పేరు పెట్టేదాకా. యాప్ రాసిన ఇరవై ముగ్గురికీ ఆ సంగతి తట్టలేదు. తనూజకి తట్టింది. 'ఒకే పేరు గల తల్లులు' అని ఒక పేజీ కూడా రాసింది. నూట పన్నెండో పేజీ.

నూకరత్నం అడిగినదానికి జవాబు ఆమెకి తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. మూడు చిన్న పనులు, అంతే.

'టీకా నమోదు సవరణ' పేజీ తెరిచింది. మొదటి వాక్యంలోనే బోల్డ్ మాటలు మూడున్నాయి.

"టీకా నమోదును," గట్టిగా చదివింది, "సవరించడానికి," ఇంకా గట్టిగా చదివింది, "ముందుగా లబ్ధిదారు—"

"అరుస్తావేటమ్మా? చెవుడు నాక్కాదు, మా ఆయనకి."

"—పేజీని తెరవండి."

'లబ్ధిదారు పేజీ' నీలంగా ఉంది. తనూజ తల తిప్పి చూసింది. సువార్తమ్మ గడ్డంతో ఫోన్ వైపు చూపించింది. తనూజ పెట్టేసింది.

అర నిమిషంలో మళ్ళీ మోగింది. "లైను కట్టయిపోయిందమ్మా. మాకిక్కడ సిగ్నలు గడప దగ్గరే వస్తుంది. బిడ్డనెత్తుకుని గడపలో నిలబడ్డాను. చెప్పు."

తనూజ రెండో పేజీ చదివింది. "లబ్ధిదారు అనగా ఈ యాప్‌లో నమోదైన తల్లి లేదా బిడ్డ."

"లబ్ధిదారంటే ఎవరో నాకు తెల్దేటి? ఇరవై రెండేళ్ళుగా వాళ్ళ చేత తిట్లు తింటున్నాను. తీసేదెలాగో చెప్పు."

తరవాతది ఎర్ర గడి. తనూజ బల్ల మీద ఒక దెబ్బ వేసింది. "గమనిక! లబ్ధిదారు వివరాలను జాగ్రత్తగా మార్చవలెను."

"ఒలమ్మో! ఏటది, ఏటి పడిపోయింది?"

అవతలి వరసలో కుర్రాళ్ళు నలుగురు తలలెత్తి చూశారు. తనూజ ఆ గడిలో ఉన్న మాట ఒకటికి రెండుసార్లు చూసుకుంది. జాగ్రత్తగా మార్చమంది సరే, అజాగ్రత్తగా మార్చేవాళ్ళెవరు? దానికోసమా ఇంత దెబ్బ?

కింద లింకు ఉంది. ఫోన్ పెట్టేసింది.

మూడోసారి మోగడానికి కొంచెం ఆలస్యమైంది. ఈసారి ఫోన్‌లో ముందు వినిపించింది బిడ్డ ఏడుపు.

"పైన చెప్పిన విధంగా లబ్ధిదారును ఎంచుకున్న తరువాత—" మొదలుపెట్టింది తనూజ.

"పైన ఎక్కడ చెప్పావు? చెప్పేలోపు పెట్టేశావు కదేటి?"

"—తల్లి ఫోన్ నంబరు ద్వారా వెతకండి."

"ఫోనా? ఆ వలసంతటికీ రాసిచ్చింది కిరాణా కొట్టాయన నంబరొక్కటే. ఇద్దరు పైడితల్లులకీ అదే."

ఆ పేజీలో దానికి జవాబు లేదు. చివర 'ఇంకా చూడండి' అని ఒక జాబితా ఉంది. తొమ్మిది లింకులు. చక్కగా ఒకే వరసలో, ముందు చిన్న చిన్న చుక్కలతో. ఆ చుక్కల రంగు ఎంచుకోవడానికి తనూజ ఒక పూట గడిపింది. తొమ్మిదీ చదివి వినిపించింది.

"ఇందులో నాకు కావలిసినదేది తల్లీ?" అంది నూకరత్నం.

తనూజ జాబితా పైనుంచి కిందికి చూసింది. కింది నుంచి పైకి చూసింది. నూట పన్నెండో పేజీ అందులో లేదు. పదకొండు వందల నలభై లింకులు వేసిన మనిషి, వెయ్యాల్సిన ఒక్కటీ వెయ్యలేదు. తొమ్మిదిలో పనికొచ్చేలా కనిపించింది చివరిదొకటే. 'టీకా నమోదు సవరణ.'

అది ఇందాక మొదలుపెట్టిన పేజీయే.

ఆమె చెయ్యి ఫోన్ పెట్టెయ్యడానికి కదల్లేదు. సువార్తమ్మ కాయలు ఒలుస్తూనే ఉంది. చివరికి తనూజే పెట్టేసింది.

"మేడం, ఆవిడకి ఇప్పుడే చెప్పెయ్యొచ్చు కదా. నాకు తెలుసు."

"నీకు తెలుసని నాకు తెలుసు. ఆవిడకి ఎలా తెలుస్తుంది?"

ఫోన్ మోగింది.

"టీకా నమోదును సవరించడానికి," అంది తనూజ. ఈసారి గట్టిగా చదవలేదు.

"ఇది ఇందాకే చదివేశావమ్మా."

తరవాతి మాట నీలంగా ఉంది.

నూకరత్నం గొంతులో ఇప్పుడు కోపం లేదు. అది పోయి, టీకా సూది చూసి బెదిరిపోయే పిల్లలతో మాట్లాడే గొంతు వచ్చింది. "చూడమ్మా. నీకు తెలిస్తే చెప్పు. తెలీకపోతే తెలీదను, నేనేం అనుకోను. కొత్తల్లో ఎవరికైనా అంతే. ఈ పిల్ల బాలింత. ఎండన పడి వచ్చింది. పలకే అయిపోయిందంటోంది కదా సిస్టరూ, నేనెల్లిపోతాను అంటోంది. దాని కొంగు పట్టుకుని ఆపాను. నువ్వు మాత్రం ఫోన్ పెట్టేయకు."

తనూజ నీలం మాట వైపు చూసింది. పక్కన కాయలు ఒలిచే చప్పుడు ఆగిపోయింది.

ఆమె కంప్యూటర్ తెరని అటు తిప్పేసింది.

"సిస్టర్, బిడ్డ ఏ చేతిలో ఉంది?"

"ఎడమ చేతిలో. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కుకున్నాను."

"సరే. కుడిచేతి బొటనవేలు చాలు. కంగారు లేదు. నేను లైన్లోనే ఉంటాను. తెర పైన పచ్చగా 'ఇవాళ్టివి' అని ఉంది, చూడండి. నొక్కండి."

"నొక్కాను. ఇద్దరు పైడితల్లులూ ఉన్నారు."

"పేరు చూడకండి. పేరు కింద సన్నగా బిడ్డ పుట్టిన తేదీ ఉంటుంది. కింద వీధి ఆమె బిడ్డ ఎప్పుడు పుట్టింది?"

"అమావాస్య మర్నాడు. ఆగు, కార్డు చూస్తాను." అటువైపు ఎవరో ఏదో అన్నారు. "నాలుగో తారీకు."

"నాలుగు ఉన్నచోట వేలు పెట్టి అలాగే నొక్కి పట్టుకోండి. తీసెయ్యాలా అని అడుగుతుంది. అడిగేదాకా వదలకండి."

"అడగలేదమ్మా."

"వేలు తీశారా?"

"బిడ్డ తన్నింది."

"పర్లేదు. నాలుగు ఉన్నచోట వేలు పెట్టి నొక్కి పట్టుకోండి. అడిగేదాకా వదలకండి."

"ఊహూఁ. ఏదో వేరేది తెరుచుకుంది."

"వెనక్కి వచ్చెయ్యండి, ఏం కాదు. పాడవదు. నాలుగు ఉన్నచోట వేలు పెట్టి నొక్కి పట్టుకోండి. అడిగేదాకా వదలకండి."

కాసేపు బిడ్డ గొంతు తప్ప ఏమీ వినపడలేదు.

"ఆ! అడిగింది."

"అవును అనండి. ఇప్పుడు రెండో పైడితల్లి మీద పొద్దున్న వేసిన టీకా ఎక్కించెయ్యండి. అది మీకు తెలిసిందే."

"అది తెలుసు." ఒక క్షణం గడిచింది. "అయిపోయింది. అయిపోయిందమ్మా, ఇద్దరివీ సరైపోయాయి. ఇంతేనా?"

"ఇంతే సిస్టర్."

"మరి దీన్ని ఇంతసేపూ ఎక్కడ దాచావే తల్లీ?"

ఎత్తిపొడుపు కాదు. ఆవిడ నిజంగానే అడిగింది. ఫోన్‌లో నూకరత్నం అటు తిరిగి అరవడం వినిపించింది. "కూకోవే పైడితల్లీ, నీ బిడ్డకి ఇంకా అవలేదు! ఆటోవాణ్ణి ఆపమని నేను చెప్తాను." ఈసారి ఫోన్ పెట్టేసింది ఆవిడ.

తనూజ రిసీవరు నెమ్మదిగా పెట్టింది.

"నియమం తప్పాను మేడం."

"ఊఁ."

"అదే మాట మూడుసార్లు చెప్పాను."

"విన్నాను. మూడోసారి చెప్పినప్పుడు ఆవిడ విసుక్కుందా?"

"లేదు."

"మరి ఎప్పుడు విసుక్కుంది?"

తనూజ కళ్ళు తుడుచుకుని, డబ్బాలోంచి ఒక కాయ తీసుకుని ఒలిచింది. ఒలిచింది కానీ తినడం మరిచిపోయింది. సువార్తమ్మ ఆ గింజలు ఆమె చేతిలోంచి తీసుకుని ఆమె నోట్లోనే పెట్టింది, ఇంట్లో పిల్లకి పెట్టినట్టు.

నాలుగున్నరకి మేనేజరు జగదీశ్వర్ వచ్చాడు. చేతిలో రెండు కాగితాలున్నాయి.

"ఏంటి మేడమ్స్, మధ్యాహ్నం బల్లలు బద్దలు కొడుతున్నారట? మా వాళ్ళు దడుచుకున్నారు." నవ్వుతూ మొదటి కాగితం బల్ల మీద పెట్టాడు. హెల్ప్ ఫైలు పూర్తయిందని ఒప్పుకునే కాగితం అది. "పెట్టెయ్యండి మేడం సంతకం. ఈ అమ్మాయి ఉద్యోగం దీని మీదే ఆగింది. అయినా హెల్ప్ ఎవరు చదువుతారండీ?"

"చేతులు రెండూ ఖాళీగా ఉన్నవాళ్ళు చదవరులే," అంది సువార్తమ్మ.

ఆయనకి అర్థం కాలేదు. అర్థం కానివన్నీ జోకులే అనుకునే అలవాటు కొద్దీ నవ్వాడు.

సువార్తమ్మ పెన్ను మూత తీసింది. తనూజ వైపు తిరిగింది. "పెట్టమంటావా?"

తనూజ ఆమె మొహంలోకి చూసింది. అందులో వెక్కిరింత లేదు, పరీక్ష లేదు.

"అడిగితే పెడతాను," అంది సువార్తమ్మ. "ఇందులో తప్పు లేదని మధ్యాహ్నమే చెప్పాను. ఉద్యోగం చిన్న సంగతి కాదు. నువ్వు పెట్టమన్నా నీ మీద నా మనసేం తగ్గదు."

సంతకం పడితే రేపటికి ఫైలు పన్నెండు ట్యాబ్‌లలోకి వెళ్తుంది. వచ్చే నెలకి ఆరు వందల ట్యాబ్‌లలోకి. పడకపోతే, తనూజ ఈ రాత్రి ఇంటికెళ్ళి, మళ్ళీ అవలేదు అని చెప్పాలి. ఆడపిల్లకి అంత దూరం ఉద్యోగమెందుకని పోయినసారే ఇంట్లో ఒక మాట అనుకున్నారు. ఈసారి ఆ మాట ఆమె ఎదురుగానే అంటారు.

పెన్ను కాగితానికి జానెడు దూరంలో ఉంది.

తనూజ చెయ్యి చాచి, పెన్ను కిందనుంచి ఆ కాగితాన్ని లాక్కుంది.

"వద్దు మేడం. అవలేదు."

"ఏంటి అవలేదు?" అన్నాడు జగదీశ్వర్. "తనూజా, ఆలోచించి చెప్తున్నావా? ప్రొబేషన్ పెరిగితే తరవాత నేనేం చెయ్యలేను."

"తెలుసు సార్." కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుని తన చోటికి వెళ్ళి కూర్చుంది.

జగదీశ్వర్ నిట్టూర్చి, మిగిలిన కాగితం తీసుకుని వెళ్ళబోయాడు.

"ఆ రెండోది ఇటివ్వండి," అంది సువార్తమ్మ.

"ఇదెందుకు మేడం? ఇది ఉద్యోగం ఖాయం చేసే కాగితం. ఫైలే అవలేదు కదా."

"ఇందులో ఫైలు అని ఎక్కడుంది? చదవండి."

ఆయన చదివాడు. "'పై వ్యక్తి ఈ పనికి తగినవారని నిర్ణయించుటకు కారణము.' ఇక్కడ మామూలుగా మనం పూర్తయిన ఫైలు పేరు రాస్తాం."

"మామూలుగా రాస్తాం. ఇటివ్వండి."

ఆమె ఒక్క వాక్యం రాసి, కింద సంతకం పెట్టి, కాగితం ఆయన ముందుకి జరిపింది. జగదీశ్వర్ నిలబడే చదువుకున్నాడు. మళ్ళీ పైకి చదివాడు.

"'తన ఫైలు తనే వెనక్కి తీసుకుంది.'" కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఇది కారణమా మేడం? పైవాళ్ళు అడిగితే నేనేం చెప్పను?"

"అలా వెనక్కి తీసుకున్నవాళ్ళు ఈ అంతస్తులో ఇంకెవరైనా ఉన్నారేమో చూసి చెప్పమనండి."

జగదీశ్వర్ ఇరవై ముగ్గురి వైపు ఒకసారి చూశాడు. పోయిన నెలలో ఎన్ని సగం సగం పనులు 'పూర్తయింది' అని తన బల్ల మీదికి వచ్చాయో ఆయనకి తెలుసు. సంతకాలు పెట్టింది ఆయనే. ఇంకేమీ అడక్కుండా కాగితం మడుచుకున్నాడు.

గడియారం అయిదుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఉద్యోగం ఖాయమైన మాట ముందు తానే చెప్పాలనిపించి, జగదీశ్వర్ తనూజ కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ఆమె ముందున్న తెర మీద నీలం మాటలు ఒకటొకటే మాయమవుతున్నాయి. ఒక పేజీలో మూడు వాక్యాలున్నాయి. పక్క పేజీలోనూ అవే మూడు వాక్యాలు.

"కంగ్రాచులేషన్స్ తనూజా," అన్నాడు. "నీ ఉద్యోగం—"

తనూజ వెనక్కి తిరగలేదు. ఒక్క నిమిషం ఆగమన్నట్టు ఎడమ చెయ్యి పైకెత్తింది.

అప్పటికే రెండు పేజీల్లో రాసిన మాటని మూడో పేజీలో రాస్తోంది. వాక్యం మధ్యలో ఉంది.